ఒక్క అక్షరము

మన పాఠశాల పత్రికకు ఏటేట ఒక వ్యాసము వ్రాసి యిచ్చుట నాకు చిరకాలపు అలవాటు. ఒక యేడు శతకములను గూర్చియు, మరియొక యేడు మన బరంపురపు పాత వీథుల పేర్లను గూర్చియు వ్రాసితిని. ఈ యేడు నేను చేసిన యొక తప్పును గూర్చి వ్రాయదలచితిని. ఆ తప్పును నాకు చూపినది వ్యాకరణ గ్రంథము కాదు, నీతిశాస్త్రమును కాదు. ఇంగ్లండు దేశపు హార్డ్ రాక్ వాద్యబృందమొకటి వెలువరించిన రెండు నిమిషముల చిన్న గీతము. తెలుగు పండితుడు ఇట్టి సంగీతమును గూర్చి వ్రాయుటేమని పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. తుదివరకు చదివిన పిమ్మట తీర్పు చెప్పుదురుగాక.

గడచిన దసరా సెలవులకు పది దినములు ముందటి మాట. తొమ్మిదవ తరగతి విద్యార్థుల పేర్లను పరీక్షా మండలికి పంపవలసిన గడువు సమీపించినది. ఆ పట్టికలో పేర్లన్నియు ఆంగ్లాక్షరములలో నుండవలెను. ఒకమారు అందులోనికెక్కిన పేరే మార్కుల పత్రము మీదికి వచ్చును. అటుపిమ్మట కళాశాలకును, ఉద్యోగమునకును, బ్యాంకునకును వెంట నడచును. ప్రవేశపు రిజిస్టరులో నున్నదానిని ఉన్నట్లుగా ఎత్తి వ్రాసి, విద్యార్థులచేత సంతకములు చేయించుట నాకు అప్పగించిన పని. నేను పేర్లు చదువుచుండగా ఒక్కొక్కరే వచ్చి సంతకము చేసి పోవుచుండిరి. పైడితల్లి అను బాలిక వంతు వచ్చినది. (ఆమెయు, ఆమె తండ్రియు సమ్మతించిన మీదటనే ఈ పేరు వ్రాయుచున్నాను.) ఆమె కలము పట్టుకొని కొంతసేపు కాగితము వంక చూచి, మెల్లగా అన్నది:

“మాస్టారూ, నా పేరులో ఒక ఎల్ తక్కువుందండి.”

చూచితిని. నిజమే. ‘తల్లి’ యను భాగమున రెండు ‘ఎల్’ అక్షరములుండవలసిన చోట ఒక్కటియే యున్నది. ఉన్నదున్నట్లు చదివినచో ‘పైడితలి’ యగును. రిజిస్టరు తెరచితిని. అచటను అంతే. మూడేండ్లకు ముందు ఆమె ఆరవ తరగతిలో చేరిననాడు ఆ వరుస వ్రాసినది నేనే, చేవ్రాత నాదే. ఇప్పుడు దానిని దిద్దవలెనన్నచో జననపత్రము తెప్పింపవలెను. తండ్రిచేత అర్జీ వ్రాయింపవలెను. ప్రధానోపాధ్యాయుల యొద్దకు పోయి నా పొరపాటును నేనే చెప్పుకొనవలెను. బయట మధ్యాహ్నపు గంట మ్రోగుచున్నది.

“ఒక్క అక్షరమే కదా, తల్లీ! చదివేవాళ్ళకి అర్థమవుతుందిలే. సంతకం పెట్టు” అంటిని.

“మీరు పిలిచినప్పుడు రెండూ పలుకుతున్నాయండి” అని ఆమె సంతకము చేసి వెడలిపోయినది. వెనుక నిలిచినవారు కొందరు నవ్విరి. నేనును నవ్వితిని.

సెలవులలో మా చెల్లెలి కుమారుడు విశాఖపట్టణము నుండి మా యింటికి వచ్చెను. ఇంజనీరింగు చదువుచున్నాడు. వెంట గిటారు తెచ్చుకొన్నాడు. అతనికి హార్డ్ రాక్ అనిన ప్రాణము. ఆ సంగీతమును గూర్చి నాకు తెలిసినదెల్ల ఒక్కటే: తలుపులు మూసినను గోడలగుండ వినవచ్చునని. విద్యుత్తుతో మ్రోగు గిటారులు, పెద్ద పెద్ద డ్రమ్ములు, గొంతు చించుకొని పాడు గాయకుడు. ఇంతకు మించి అందేమియు లేదని నా నిశ్చయము. అందుచేత ఒక సాయంకాలము అతడు అరుగుమీద కూర్చుండి గిటారు తీసినంతనే నేను పుస్తకము చేతబట్టుకొని లోనికి పోబోతిని.

“కూర్చోండి మావయ్యా, ఇది రెండు నిమిషాలే” అన్నాడు.

అతడు మొదట తంత్రులను సవరింప దొడగెను. గిటారునకు ఆరు తంత్రులు. వాటిలో మూడింటిని ముట్టలేదు. మిక్కిలి లావైన దానిని బాగుగ వదులు చేసెను. నాలుగవ దానిని కొంచెము వదులు చేసెను. రెండవ దానిని ఇసుమంత బిగించెను. మా తల్లి వీణ వాయించెడిది. ఆమె శ్రుతి చేయుట చూచుచు పెరిగినవాడను గావున నా చెవి దానంతటదియే అటు మరలినది. పాశ్చాత్యులు ‘సి’ అని పిలుచు స్వరమును షడ్జముగా నెంచినచో, ఆ ఆరు తంత్రులును వరుసగా స, ద, స, ప, స, గ అని పలుకుచున్నవి. వాటిలో మూడు, మూడు స్థాయిల షడ్జములు. మోహన రాగమునకు గల యైదు స్వరములలో రిషభము తప్ప తక్కిన నాలుగును అందే యున్నవి. ఎడమచేతి వ్రేలు ఒక్కటియు మోపకుండ తంత్రులన్నిటిని ఒకసారి మీటినంతనే ఇంపుగా మ్రోగినవి.

పిమ్మట వాయించెను. అందు పాట లేదు, మాట లేదు, డ్రమ్ముల మ్రోత లేదు. ఒక్క గిటారు, అదియును విద్యుత్తు లేని కొయ్య గిటారు. వ్రేళ్ళు ఒక తంత్రినుండి మరియొక తంత్రికి తొట్రుపాటు లేక పరుగిడుచుండగా, క్రింది షడ్జము నడుమ నడుమ నిలిచి పలుకుచుండెను. కొండదారిని ఇంటికి దిగివచ్చువాని నడకవలె తోచినది. ఇట్టే ముగిసిపోయినది. మరల వాయించుమంటిని. మూడవసారియు వాయించుమంటిని.

“దీని పేరేమిటోయ్?”

“బ్రొన్-అర్-ఐర్ అంటారు మావయ్యా. లెడ్ జెప్పెలిన్ వాళ్ళది. వాళ్ళ పాటలంటే చెవి కోసుకునేవాళ్ళు కూడా దీన్ని దాటేసి పోతుంటారు.”

ఆ రాత్రి అతడు చెప్పినదియు, తరువాత నేను చదివి తెలిసికొన్నదియు కలిపి ఇక్కడ చెప్పుచున్నాను. లెడ్ జెప్పెలిన్ అను బృందము 1968లో లండనులో ఏర్పడినది. గిటారు వాయించు జిమ్మీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటారును కీబోర్డును వాయించు జాన్ పాల్ జోన్స్, డ్రమ్ములు వాయించు జాన్ బోన్‌హామ్, ఈ నలుగురే ఆ బృందము. 1980లో బోన్‌హామ్ మరణింపగా తక్కిన మువ్వురును బృందమును విరమించిరి.

వారి పేరునకే యొక చిన్న కథ కలదు. ఆంగ్లములో సీసమును ‘లెడ్’ అందురు. వ్రాయుటకు మాత్రము నాలుగక్షరములు. ‘ఇ’ తరువాత ‘ఎ’ యను అక్షరము కూడ రావలెను. అదే వ్రాతను ‘లీడ్’ అని చదివినచో, నడిపించుట యను వేరొక అర్థము వచ్చును. తెలియనివారు తమ పేరును ‘లీడ్ జెప్పెలిన్’ అని తప్పుగా పలుకుదురేమో యని, ఆ ‘ఎ’ అక్షరమును తామే తీసివేసిరి. అనగా, తమ పేరు సరిగా పలుకబడుటకై ఒక్క అక్షరమును గూర్చి అంత జాగ్రత్త పడినవారు వారు. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ముందు దీనితో పనియున్నది.

1970వ సంవత్సరపు వసంతములో, అమెరికా ఖండమున ఊరూర కచేరీలు చేసి అలసివచ్చిన పేజ్, ప్లాంట్ ఇరువురును విశ్రాంతికై వేల్సు దేశమునకు పోయిరి. బ్రిటను ద్వీపమున పడమటి వైపున నున్న కొండల సీమ వేల్సు. అందు మఖన్‌లెత్ అను చిన్న పట్టణము చెంత, కొండవాలున, 18వ శతాబ్దపు రాతి కుటీరమొకటి కలదు. ప్లాంట్ బాలుడుగా నున్న 1950 దశకమున అతని కుటుంబము సెలవులకు ఆ యింటికి పోవుచుండెడిది. 1970 నాటికిని ఆ యింట విద్యుద్దీపము లేదు, కుళాయి లేదు. కొవ్వొత్తుల వెలుగున, కట్టెల మంట చెంత వారు కూర్చుండిరి. విద్యుత్తు లేనిచోట విద్యుత్ గిటారు ఎట్లు మ్రోగును? కొయ్య గిటారులే తీసిరి. లోకమును దద్దరిల్లజేసిన వారి చేతులనుండి మెల్లని పాటలు పుట్టుటకు ఆ దీపము లేని యిల్లే కారణమైనది.

ఆ యింటి పేరు బ్రొన్-అర్-ఐర్. ఇది వెల్షు భాషలోని పేరు. ‘బ్రొన్’ అనగా రొమ్ము, దానినిబట్టి కొండవాలు. ‘ఐర్’ అనగా బంగారము. నడుమనున్న ‘అర్’ రెండు మాటలను కలుపు చిన్న పదము. బంగారు కొండవాలు అని చెప్పుకొనవచ్చును.

ఆ యింటి పేరు పెట్టుకొన్న పాటలు రెండు గలవు. ఒకటి, ప్లాంట్ పెంచిన ‘స్ట్రైడర్’ అను కుక్కను గూర్చిన ఉల్లాసపు పాట. 1970 అక్టోబరులో వారి మూడవ ఆల్బములో వెలువడినది. రెండవది, మా మేనల్లుడు వాయించినది. మొదటి దాని పేరు అచ్చుపడునప్పుడు ఒక్క అక్షరము జారిపోయినది. ‘అర్’ అను చిన్న పదమునకు వెల్షు వ్రాతలో ‘వై’, ‘ఆర్’ అని రెండక్షరములు. ‘ఆర్’ పోయి ‘వై’ ఒక్కటియే నిలిచినది. తమ పేరు తప్పుగా పలుకబడరాదని ఒక అక్షరమును తీసివేసినవారి రికార్డు మీదనే, తమకు ఆశ్రయమిచ్చిన యింటి పేరులో ఒక అక్షరము లేకపోయెను.

మేనల్లుడు తన ఫోనులో రెండు రికార్డుల అట్టలను చూపి, ఇది యొక వేడుకగా చెప్పెను. నేను వెంటనే అంటిని: “ఒక్క అక్షరమే కదా! అంత చిన్న మాటలో అది ఉంటేనేం, లేకుంటేనేం?”

అని యంటినేగాని, ఆ మాట నా చెవికే వింతగా వినబడినది. పది దినముల క్రిందట ఇదే మాటను నేను మరియొకరితో అనియుంటిని.

ఆ అక్షరము ఏల యుండవలెనో మరునాడు తెలిసికొంటిని. మన విద్యార్థులకు యడాగమము తెలియును. ‘మా’ అను మాటకు ‘అమ్మ’ చేరినప్పుడు ‘మాయమ్మ’ యగును. రెండచ్చులు ఒకదానినొకటి ఢీకొనకుండ నడుమ ‘య’కారము వచ్చి నిలుచును. వెల్షు భాషలోను ఇట్టి మర్యాదయే కలదు. వారి చిన్న పదము హల్లు ముందు వచ్చినప్పుడు ‘అ’ అని పలుకును. అచ్చు ముందు వచ్చినప్పుడు ‘అర్’ అని పలుకును. ‘ఐర్’ అచ్చుతో మొదలగు మాట. కావున ‘అర్ ఐర్’ అనవలెను. ‘ఆర్’ తీసివేసినచో ఆ పేరు వెల్షువాని నోట తిరుగదు. ‘మా అమ్మ’ యని విడివిడిగా నత్తినత్తిగా పలికినట్లుండును. పరాయివానికి అది పనిలేని అక్షరము. ఆ భాషలో పుట్టినవానికి, రెండు మాటలను పట్టి నిలిపినది అదియే.

మరియొక వింత. మఖన్‌లెత్ అని నేను పైన వ్రాసిన ఊరి పేరులో వెల్షు వ్రాతయందు రెండు ‘ఎల్’లు ప్రక్కప్రక్కన నుండును. వారికవి రెండక్షరములు కావు. రెండును కలిసి వారి వర్ణమాలలో ఒకే అక్షరము. నాలుకను ‘ల’కారమునకు పెట్టి, నాదము లేకుండ గాలిని ప్రక్కలనుండి విడిచినచో ఆ ధ్వని పలుకును. అది మన తెలుగులోను లేదు, ఆంగ్లములోను లేదు. అందులో ఒక ‘ఎల్’ తీసినచో ధ్వని సగమగుట కాదు, వేరొక ధ్వని యగును. ఈ మాట చదివిన తోడనే నాకు కన్నులయెదుట నిలిచినది ఏ పేరో మీరు ఊహింపగలరు. ‘తల్లి’ నుండి ఒక లకారము తీసినచో మిగులునది తల్లిలో సగము కాదు, తల్లియే లేదు.

బంగారు కొండవాలు అంటిమి. బంగారమును మన ప్రాంతపువారు పైడి యందురు.

ఆ రెండవ గీతపు కథ ముగింపలేదు. దానిని 1970లోనే లండనులో రికార్డు చేసిరి. కాని మూడవ ఆల్బములో దానికి చోటు దొరకలేదు. తరువాత వచ్చిన రెండు ఆల్బములలోను దొరకలేదు. 1974లో వారు క్రొత్తగా 8 పాటలు రికార్డు చేసిరి. అవి ఒక్క రికార్డునకు మించిపోయినవి. రెండు రికార్డులకు చాలలేదు. ఆ వెలితి నింపుటకు, లోగడ మిగిలిపోయిన 7 పాటలను తీసి కలిపిరి. అట్లు 1975 ఫిబ్రవరిలో వెలువడిన ‘ఫిజికల్ గ్రాఫిటీ’ అను జంట రికార్డులో ఈ గీతమునకు మూడవ ప్రక్కన చోటు దొరకినది. నిడివి 2 నిమిషముల 6 సెకనులు. వారు స్టూడియోలో చేసిన వాటన్నిటిలో ఇదియే మిక్కిలి చిన్నది. ఈసారి పేరు పూర్తిగా అచ్చుపడినది. పోయిన అక్షరము తిరిగివచ్చినది.

అదే ఆల్బములో రెండవ ప్రక్క చివర ‘కాశ్మీర్’ అను పాట కలదు. ఎనిమిది నిమిషములకు మించిన పాట. ప్రపంచమంతట వాసికెక్కిన పాట. మన దేశమునందలి ప్రదేశము పేరు పెట్టుకొన్నను, ఆ పాట మాటలు పుట్టినది 1973లో ప్లాంట్ దక్షిణ మొరాకో ఎడారి దారిని ప్రయాణించునప్పుడు. అప్పటికి వారిలో ఎవరును కాశ్మీరమును చూచియుండలేదు. చూడని సీమ పేరు పెట్టిన పెద్ద పాట లోకమునకంతకు తెలియును. ఉండి, తిని, నిదురించి, చలి కాచుకొన్న యింటి పేరు పెట్టిన చిన్న గీతమును రికార్డు కొన్నవారే దాటిపోవుదురు. ఇందు తప్పు పట్టవలసినదేమియు లేదు, లోకరీతి యింతే. చిన్న గీతములను, చిన్న ఊళ్ళను, కొలదిమంది మాటాడు భాషలను లోకము దానంతటది తలచుకొనదు. తలచుకొనవలసినవారు, సరిగా వ్రాయవలసినవారు, దగ్గరనున్న వారే.

వెల్షువారును మనవలె ఒక పెద్ద భాష ప్రక్కన బ్రతుకుచున్నవారే. 19వ శతాబ్దమున వారి సీమలోని కొన్ని పాఠశాలలలో, బడిలో వెల్షు మాటాడిన పిల్లవాని మెడలో ఒక కొయ్యముక్కను వ్రేలాడగట్టెడివారు. మరియొకడు వెల్షు మాటాడి పట్టుబడినచో అది వాని మెడకు మారును. దినము ముగియునప్పటికి ఎవని మెడలో నుండునో వానికి దెబ్బలు. అట్టి దినములు గడచి, 1967లో వేల్సు న్యాయస్థానములలో ఆ భాష మాటాడుటకు చట్టము హక్కునిచ్చినది. 2011లో ఆ భాషకు వేల్సునందు అధికార ప్రతిపత్తి చట్టముచే నిలిచినది. 2021 జనాభా లెక్కలలో మూడేండ్లు దాటినవారిలో నూటికి 17.8 మంది, అనగా సుమారు 5 లక్షల 38 వేలమంది, తమకు వెల్షు మాటాడ వచ్చునని చెప్పిరి. 2022లో అచటి జాతీయవనపు అధికారులు తమ యెత్తైన శిఖరమును ‘స్నోడన్’ అను ఆంగ్లనామమునకు మారుగా ‘అర్ విద్వా’ అను వెల్షు పేరుతో పిలువ నిశ్చయించిరి. ఒక భాషవారు పేర్లను గూర్చి యింత పట్టుదల ఏల చూపుదురో నాకు అంతకుముందు తెలియదు. మాటాడువారు తరిగినను, మాట మారినను, పేర్లు నేలను పట్టుకొని నిలిచియుండును.

మన సంగతి చూడుడు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడిననాటి నుండి గంజాం సీమ తెలుగువారము ఆ రాష్ట్రమున నున్నాము. మన యూరు మనకు బరంపురము. ఒడియా సోదరులకు బ్రహ్మపుర. నా పేరు వేంకట అని మొదలగును. ఒడియా వ్రాతలో నా పేరు ‘భేంకట’ యగును. దానికి నేను ఎన్నడును నొచ్చుకొనలేదు. వారి వ్రాతలో ఆ ధ్వనికి అదియే చేరువైన అక్షరము. వ్రాసినవారు తమకున్నంతలో నాకు న్యాయమే చేసిరి. కాని పైడితల్లి పేరు వ్రాసిన చేతికి అక్షరము కొరత లేదు. ఆంగ్లవర్ణమాలలో ‘ఎల్’ కలదు. దానిని రెండుమార్లు వ్రాయుటకు అడ్డులేదు. వ్రాసినవాడు పరాయివాడును కాడు. ద్విత్వమును పిల్లలకు పాఠము చెప్పి జీతము తీసికొను తెలుగు పండితుడు. తొందరలో తప్పు వ్రాయుట మానవ సహజము. చూపించిన పిమ్మట ‘ఒక్క అక్షరమే కదా’ యనుట మాత్రము సహజము కాదు.

సెలవులు ముగియకముందే ఆమె యింటికి పోయితిని. తండ్రి కూరగాయల బజారునకు పోయియుండెను. నాయనమ్మ అరుగుమీద ప్రయాణపు సంచి సర్దుకొనుచున్నది. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము విజయదశమి తరువాత వచ్చు మంగళవారమున జరుగును గదా. మనుమరాలిని తీసికొని రైలులో అచటికి పోవుచున్నదట. నేను వచ్చిన పని చెప్పితిని. ఆమెకు చదువు రాదు. పేరులో ఒక అక్షరము పోయినదనగానే చేతిలోని పని ఆపినది.

“ఈ పిల్ల పుట్టినప్పుడు బతకదన్నారు బాబూ. అమ్మోరికి మొక్కుకున్నాను. బతికితే నీ పేరే ఎట్టుకుంటామన్నాను. అచ్చరం పోనాదంటే, ఇది అమ్మోరి పేరేనా, కాదా?”

నేను పాణినీయము చదివినవాడను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. “కాదమ్మా. నేను దిద్దిస్తాను” అని మాత్రము అంటిని. లోపలి గుమ్మము చెంత ఆ బాలిక నిలిచి వినుచున్నది. ఏమియు అనలేదు. జననపత్రము తెచ్చి నా చేతికిచ్చినది.

బడి తెరచిననాడు ప్రధానోపాధ్యాయుల యొద్ద నా తప్పు చెప్పుకొంటిని. పట్టిక ఇంకను పోలేదు. వారు కోపగింపలేదుగాని, “ఇది ఆ రోజే చెప్పవలసింది కదండీ” అన్నారు. ఆ మాట చాలును. అర్జీ వచ్చినది. రిజిస్టరులో పాత వరుసను ఎర్ర సిరాతో కొట్టి, పైన పేరు పూర్తిగా వ్రాసితిని. ప్రక్కన వారు సంతకము చేసిరి. రెండు ‘ఎల్’లును వ్రాయుటకు నాకు ఒక్క క్షణము పట్టలేదు. అటుపిమ్మట కూర్చుండి 41 పేర్లను మొదటినుండి మరల చదివితిని. ఈసారి చదువుట కాదు, ఒక్కొక్క విద్యార్థిని పిలిచి వాని నోట వాని పేరు పలికించి వ్రాతతో సరిచూచితిని. మరి మూడు తప్పులు దొరకినవి. ఆ ముగ్గురును నాతో చెప్పియుండలేదు. ఏల చెప్పలేదని అడిగితిని. ఒకడన్నాడు: “ఒక్క అక్షరమే కదా అని అనుకున్నానండి.” వాడు నా మాటనే నాకు అప్పగించినాడు. ఆనాడు పైడితల్లి వెనుక వరుసలో నిలిచి నవ్వినవారిలో వాడొకడు.

ఈ వ్యాసము వ్రాయుచు మరియొక సంగతి గమనించితిని. లెడ్ జెప్పెలిన్ వారి రెండవ గీతమునకు 1975లో పేరు సరిగా అచ్చుపడినది నిజమే. కాని మొదటి పాట పేరు, ఆ కుక్కను గూర్చిన పాట పేరు, క్రొత్త ముద్రణలలో సైతము పాత తప్పుతోనే వచ్చుచున్నది. అర్ధశతాబ్దము దాటినది. తప్పు ఒకసారి అచ్చులోనికెక్కినచో దానికి అంత ఆయుర్దాయము! దిద్దుట తేలిక యైన కాలము మొదటి దినమే.

కావున తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. పిల్లలను బడిలో చేర్చిననాడు, పేరు వ్రాసిన కాగితమును చేత బుచ్చుకొని, పిల్లవానిచేత బిగ్గరగా చదివించుడు. చదువురాని పెద్దలున్నచో వారు చెవితో వినుడు. చెవికి అక్షరము తెలియును. విద్యార్థులారా, మీ పేరును తెలుగులోను, ఒడియాలోను, ఆంగ్లములోను తప్పులేకుండ వ్రాయుట నేర్చుకొనుడు. ఏ వ్రాతలో ఏ ధ్వని యిముడదో అదియు తెలిసికొనుడు. మీ గురువు తప్పు వ్రాసినచో చెప్పుడు. గురువు నవ్వినను మరల చెప్పుడు.

హార్డ్ రాక్ సంగీతమును గూర్చి నా అభిప్రాయము పూర్తిగా మారినదని చెప్పలేను. మేనల్లుడు మరునాడు వినిపించిన పాటలకు నేను తలుపు మూసికొన్నమాట నిజము. అయినను ఆ రెండు నిమిషముల గీతమును నా ఫోనులో పెట్టించుకొంటిని. మొన్న తొమ్మిదవ తరగతిలో యడాగమము పాఠము చెప్పిన పిమ్మట కొంచెము సమయము మిగులగా, పిల్లలకు దానిని వినిపించితిని. ముగిసిన తరువాత ‘బ్రొన్-అర్-ఐర్’ అని తెలుగులో నల్లబల్లమీద వ్రాసి, దాని కథ చెప్పి, “ఇందులో పోయిన అక్షరమేదో వచ్చి చూపండి” అంటిని. పైడితల్లి లేచివచ్చి, నడిమి మాటలోని ‘ర్’ క్రింద సుద్దతో గీత గీచి, తన చోటికి పోయి కూర్చున్నది.